ఇన్‌స్టాల్ వేరు, కాన్ఫిగర్ వేరు: అజూర్ డెవాప్స్ సర్వర్‌ను పలు సర్వర్ల మీదికి మార్చిన కేస్ స్టడీ

సాఫ్ట్‌వేర్ రాసే టీములు చాలానే ఉన్న సంస్థ అది. సోర్స్ కోడ్ తమ నెట్‌వర్క్ దాటకూడదన్నది వాళ్ల నియమం కాబట్టి క్లౌడ్ మాటే లేదు. కోడ్, పనుల జాబితా, బిల్డులు చూసుకునే, సొంత మెషీన్ల మీద పెట్టుకోగలిగే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అజూర్ డెవాప్స్ సర్వర్ అప్పటికే వాడుతున్నారు గానీ మొత్తం ఒకే మెషీన్ మీద: డేటాబేస్, వెబ్, సెర్చ్, చివరికి బిల్డులు నడిపే బిల్డ్ ఏజెంట్లు కూడా. పెద్ద బిల్డ్ ఒకటి మొదలైతే వర్క్ ఐటమ్ పేజీ తెరుచుకోవడానికి కూడా కాచుకు కూర్చోవాల్సిందే. దీన్ని విడగొట్టి పలు సర్వర్ల మీద పెట్టాలి. పైగా అదే అమరిక మూడు చోట్ల కావాలి: టెస్ట్, ప్రొడక్షన్, డీఆర్ (డిజాస్టర్ రికవరీ, అసలుది కూలితే ఆదుకునేది). మా టీముకు అప్పగించిన పని ఇది. ఒక షరతు కూడా పెట్టారు. మూడోది వచ్చేసరికి మేం పక్కన లేకుండా వాళ్ల అడ్మిన్లే చేసుకోగలగాలి.

పని తీరంతా ఆ షరతును బట్టే మారింది. మేమే కూర్చుని చేసేసి వెళ్లిపోయే పనైతే అనుభవంతో నెట్టుకొచ్చేసేవాళ్లం. ఎక్కడ ఎర్రర్ వస్తే అక్కడ సర్దుకుంటూ, ఎవరికో ఫోన్ చేసి పర్మిషన్ ఇప్పించుకుంటూ ఎలాగో సాయంత్రానికి పూర్తి చేస్తాం. ఇంకొకళ్లు చేయాలంటే ఆ సర్దుబాట్లన్నీ ముందే బయటపడాలి.

వాళ్ల దగ్గర ఒక గైడ్ లేకపోలేదు. పెద్ద వర్డ్ ఫైలు, నిండా స్క్రీన్‌షాట్లు. పాత సర్వర్ పెట్టినప్పుడు ఎవరో ఓపిగ్గా ప్రతి విజర్డ్ పేజీనీ ఫొటో తీసి అతికించారు. అలాంటి గైడ్‌తో వచ్చే చిక్కేమిటంటే, ఆ రోజు ఏ గడిలో ఏం టైప్ చేశారో తెలుస్తుంది గానీ ఎందుకు చేశారో తెలియదు. సర్వీస్ అకౌంట్ గడిలో ఒక పేరుంది. ఆ అకౌంట్‌కు అంతకుముందే ఏయే హక్కులు ఇచ్చారు, ఎవరిచ్చారు అన్నది స్క్రీన్‌షాట్‌లో పడదు కదా.

పాత రోజుల సంగతి కొంచెం

ఈ సాఫ్ట్‌వేర్ మొదటి పేరు టీమ్ ఫౌండేషన్ సర్వర్, పొట్టిగా టీఎఫ్‌ఎస్. 2019 వెర్షన్ నుంచి అజూర్ డెవాప్స్ సర్వర్ అంటున్నారు. మొదటి వెర్షన్ 2005 పేరుతో 2006లో వచ్చింది. దాన్ని రెండు సర్వర్ల మీద పెట్టినవాళ్లకు ఆ తంతు గుర్తుండే ఉంటుంది. యాక్టివ్ డైరెక్టరీ (సంస్థ యూజర్లు, మెషీన్ల అకౌంట్లుండే డైరెక్టరీ) డొమైన్ తప్పనిసరి. సెటప్‌కు ఒక అకౌంట్, సర్వీస్‌కు ఒకటి, రిపోర్టులకు ఒకటి. డేటా టైర్ (డేటాబేస్‌లు ఉండే) మెషీన్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 పెట్టి, దాని మీద టీఎఫ్‌ఎస్ డేటాబేస్ సెటప్ విడిగా నడిపి, ఆ తర్వాత అప్లికేషన్ టైర్‌కు (వెబ్ భాగం నడిచే మెషీన్‌కు) వచ్చి విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్, షేర్‌పాయింట్ సర్వీసెస్ పెట్టి, అప్పుడు గానీ అసలు సెటప్ ముట్టుకోకూడదు. వరుస తప్పితే అన్నీ తీసేసి మళ్లీ మొదటికి రావడమే.

తర్వాతి వెర్షన్లలో దాన్ని ఎలా సులువు చేశారో చూస్తే మా పనికి దారి దొరికింది. 2008 వెర్షన్‌లో డేటా టైర్ మెషీన్ మీద విడిగా సెటప్ నడిపే పని తీసేశారు. అప్లికేషన్ టైర్ నుంచే ఎస్‌క్యూఎల్‌కు కనెక్ట్ అయి డేటాబేస్‌లు తయారవుతాయి. నెట్‌వర్క్ సర్వీస్ లాంటి బిల్ట్-ఇన్ అకౌంట్లు కూడా చెల్లుబాటయ్యాయి. 2010లో ఇంకా పెద్ద మార్పు వచ్చింది. ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లను మెషీన్ మీదికి చేర్చడం మాత్రమే. ఎవరు, ఏ డేటాబేస్, ఏ అడ్రస్ అన్న ప్రశ్నలన్నీ దాని తర్వాత నడిచే కాన్ఫిగరేషన్ విజర్డ్‌లోకి వెళ్లాయి. ఆ విజర్డ్ ఏదైనా మార్చే ముందు రెడీనెస్ చెక్స్ నడిపి, ఏది లోపించిందో చెబుతుంది.

పైకి చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ తేడా చాలా ఉంది. అంతకుముందు సెటప్ సగంలో ఆగితే మెషీన్ ఏ స్థితిలో ఉందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. విడగొట్టాక, ఫైళ్లు చేరడం అనే భాగం దాదాపు ఎప్పుడూ ఫెయిల్ కాదు. ఫెయిల్ అయ్యేదల్లా రెండోది. అది కూడా డేటాబేస్‌ను ముట్టుకోకముందే చెప్పేస్తుంది.

మేం చేసిందల్లా ఈ ఆలోచనను సంస్థ స్థాయికి పెంచడమే. క్లిక్కులు తగ్గించడం మీద మేం పెద్దగా దృష్టి పెట్టలేదు. ప్రతి నిర్ణయాన్నీ ఏ సర్వర్‌నూ ముట్టుకోకముందే తీసుకుని ఒకే చోట రాసిపెట్టడం, ఆ రాసిపెట్టింది నిజమో కాదో మెషీన్ చేత చెక్ చేయించడం, ఆ తర్వాతే కాన్ఫిగర్ చేయడం. ఈ వరుస కుదిరితే సెటప్ రోజు టెన్షన్ ఉండదు.

ఎవరి చేతిలో ఏముంది

అనుకున్న అమరిక ఇది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఒక మెషీన్ మీద. అప్లికేషన్ టైర్లు రెండు, వాటి ముందు రిక్వెస్టులను రెంటికీ పంచే లోడ్ బ్యాలెన్సర్. సెర్చ్‌కు విడిగా ఒక మెషీన్. బిల్డ్ ఏజెంట్లు వేరే మెషీన్ల మీద.

సెటప్ చేసే అడ్మిన్ చేతిలో నిజానికి ఉన్నది అప్లికేషన్ టైర్లు మాత్రమే. మిగతావన్నీ ఇతరుల చేతుల్లోనివి. సర్వీస్ అకౌంట్లు డైరెక్టరీ టీము ఇవ్వాలి. డేటాబేస్ హక్కులు డీబీఏల (డేటాబేస్ అడ్మిన్ల) చేతిలో ఉంటాయి. పోర్టులు, లోడ్ బ్యాలెన్సర్ నెట్‌వర్క్ వాళ్లవి. సర్టిఫికెట్ సెక్యూరిటీ వాళ్లది. ఒక్కొక్కరికీ ఒక్కో టికెట్ పద్ధతి. పాత గైడ్ ఈ పనులన్నిటినీ సెటప్ మధ్యలో, అవసరం వచ్చినప్పుడు చెప్పింది. అంటే విజర్డ్ తెరిచి పెట్టుకుని, టికెట్ పెట్టి, రెండు రోజులు కూర్చోవడం అన్నమాట.

అందుకే ముందుగా సెట్టింగ్స్ ఫైలు ఒకటి తయారు చేశాం. ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కు ఒక్కో కాపీ. అందులో మెషీన్ల పేర్లు, ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టన్స్ పేరు, పోర్టు, సర్వీస్ అకౌంట్, యూజర్లకు కనిపించే అడ్రస్, సర్టిఫికెట్, సెర్చ్ మెషీన్ పేరు, ఇన్‌స్టాలర్ ఐఎస్‌ఓ ఎక్కడుందో, దాని హ్యాష్ ఏమిటో, అన్నీ ఉంటాయి. ప్రతి లైను పక్కన ఒక గడి: ఈ విలువ ఎవరు ఇవ్వాలి. ఆ గడి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది. మొదటి మీటింగ్‌లో ఫైలు తెర మీద పెట్టి ఖాళీలు నింపుకుంటూ పోతే, ఎవరి లైను ఖాళీగా ఉందో అందరికీ కనబడింది.

డీబీఏలతో చర్చ ఒక్కటే కాస్త వేడెక్కింది. కాన్ఫిగరేషన్ నడిపే అకౌంట్‌కు ఎస్‌క్యూఎల్‌లో సిస్‌అడ్మిన్ (అన్ని హక్కులూ ఉండే రోల్) ఉంటే పని సాఫీగా జరుగుతుంది. వాళ్ల సీనియర్ డీబీఏ మాట వినగానే అడ్డం తిరిగారు.

“సిస్‌అడ్మిన్ ఎవరికీ ఇవ్వమండీ. మా పాలసీ అది.”

“ఎప్పటికీ అక్కర్లేదు సార్. కాన్ఫిగర్ చేసే పూట ఇవ్వండి, అయిపోగానే మీరే తీసేయండి. సర్వీస్ అకౌంట్‌కు అసలే వద్దు.”

“తీసేశాక ఆగిపోదని గ్యారంటీ ఏమిటి?”

“టెస్ట్‌లో మీ ముందే తీసేసి చూద్దాం.”

నిజానికి వేరే దారి కూడా ఉంది. ఖాళీ డేటాబేస్‌లను డీబీఏలే ముందుగా తయారు చేసి ఇస్తే, అడ్వాన్స్‌డ్ విజర్డ్ వాటిని వాడుకుంటుంది. పేర్లు మాత్రం అది కోరిన పద్ధతిలో ఉండాలి. కాగితం మీద అది సురక్షితమైన దారిలాగే కనిపిస్తుంది. నా లెక్కలో అది పనిని పెంచేదే, ఎందుకంటే తర్వాత కొత్త కలెక్షన్ (ప్రాజెక్టుల గుంపు, దానికో డేటాబేస్) కావాల్సి వచ్చిన ప్రతిసారీ మళ్లీ డీబీఏ దగ్గరికి వెళ్లాలి. తాత్కాలిక హక్కు, దానికి మొదలు తుది తేదీలు, తీసేసినట్టు రుజువు: ఈ మూడింటి మీద రాజీ కుదిరింది. టెస్ట్‌లో సెటప్ అకౌంట్‌ను సిస్‌అడ్మిన్ నుంచి తీసేశాక కూడా రోజువారీ పనులన్నీ నడిచాయి. సర్వీస్ అకౌంట్‌కు కాన్ఫిగరేషనే టీఎఫ్‌ఎస్‌ఎగ్జెక్‌రోల్ అనే రోల్‌ను డేటాబేస్‌ల్లో ఇచ్చి పెడుతుంది, దానికి కావాల్సింది ఆ మేరకే.

వెరిఫై అన్న ఒక్క స్విచ్

ఈ సాఫ్ట్‌వేర్‌తో పాటే టీఎఫ్‌ఎస్‌కాన్ఫిగ్ అనే కమాండ్ లైన్ టూల్ వస్తుంది. దానికి అన్‌అటెండ్ అనే మోడ్ ఉంది. ఏ రకం సెటప్ కావాలో చెబితే, అంటే కొత్త సర్వరా, ఉన్నదానికి అదనంగా అప్లికేషన్ టైర్ మాత్రమేనా అన్నది చెబితే, ఒక ఇనీ ఫైలు తయారు చేసి ఇస్తుంది. అందులో విలువలు నింపి, తిరిగి అదే టూల్‌కు ఇస్తే విజర్డ్ అవసరం లేకుండా కాన్ఫిగర్ చేస్తుంది. మా సెట్టింగ్స్ ఫైలు నుంచి ఈ ఇనీ ఫైళ్లను చిన్న పవర్‌షెల్ స్క్రిప్టుతో పుట్టించాం. పాస్‌వర్డ్ మాత్రం ఏ ఫైల్లోనూ రాయలేదు, నడిపేటప్పుడు అడుగుతుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ఒక స్విచ్ ఉంది: వెరిఫై. దాన్ని జోడించి నడిపితే రెడీనెస్ చెక్స్ అన్నీ నడుస్తాయి గానీ ఏదీ మారదు. ఫుల్-టెక్స్ట్ సెర్చ్ భాగం ఎస్‌క్యూఎల్‌లో పెట్టకపోతే చెబుతుంది. హక్కులు చాలకపోతే చెబుతుంది. మేం దీన్ని సెటప్ రోజు కోసం దాచుకోలేదు. మెషీన్లు చేతికొచ్చిన రోజే ఐఎస్‌ఓ నుంచి ఫైళ్లు ఇన్‌స్టాల్ చేసేసి, అక్కడి నుంచి రోజూ వెరిఫై నడిపాం. టికెట్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే ఎర్రర్లు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. ‘పూర్తయింది’ అని మూసేసిన టికెట్ నిజంగా పూర్తయిందో లేదో మర్నాటి పొద్దునకల్లా తెలిసిపోయేది. ఫైర్‌వాల్ రూల్ పెట్టామని చెప్పిన చోట పోర్టు తెరుచుకోలేదని ఇలాగే బయటపడింది. అది ఎస్‌క్యూఎల్ నేమ్డ్ ఇన్‌స్టన్స్. పోర్టు డైనమిక్‌గా మారుతోంది, వీళ్లు 1433 మాత్రమే తెరిచారు. ఇన్‌స్టన్స్‌కు స్థిరమైన పోర్టు ఒకటి కట్టేసి, దాన్నే ఫైల్లో రాశాక ఆ గొడవ వదిలింది.

వెరిఫై తన మెషీన్ నుంచి ఎస్‌క్యూఎల్ వైపు చూస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ సంగతీ, ఏజెంట్లు సర్టిఫికెట్‌ను నమ్ముతాయా అన్నదీ దానికి తెలియదు. వాటికోసం మా సొంత చెక్ స్క్రిప్టు ఒకటి రాశాం. పేరు డీఎన్‌ఎస్‌లో దొరుకుతోందా, అప్లికేషన్ టైర్ల నుంచి సెర్చ్ మెషీన్‌కు 9200 తెరిచి ఉందా, గడియారాల తేడా ఎంత (విండోస్ లాగిన్ పద్ధతి కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే ఒప్పుకోదు), సర్టిఫికెట్ గడువు ఎప్పుడు, రెండు అప్లికేషన్ టైర్ల మీదా ఉన్నది ఒకే బిల్డా. ఈ ఆఖరిది తేలిగ్గా తీసుకునేది కాదు. డేటాబేస్ వెర్షన్‌కూ అప్లికేషన్ టైర్ వెర్షన్‌కూ పొంతన కుదరాలి. ఒక టైర్‌ను అప్‌గ్రేడ్ చేసి రెండోదాన్ని మర్చిపోతే ఆ రెండోది పనికిరాదు.

లోడ్ బ్యాలెన్సర్ దగ్గర అసలు కథ

రెండు సర్వర్ల అమరిక నుంచి రెండు అప్లికేషన్ టైర్ల అమరికకు వెళ్లేటప్పుడు మెషీన్లు ఒకటే పెరుగుతుంది, చిక్కులు మాత్రం నాలుగు రెట్లు పెరుగుతాయి. టెస్ట్‌లో మాకు ఎక్కువ సమయం తిన్నది ఇదే.

మొదటిది లాగిన్. సర్వర్ అసలు పేరుతో తెరిస్తే చక్కగా లోపలికి పోతుంది. లోడ్ బ్యాలెన్సర్ పేరుతో తెరిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇచ్చాక మళ్లీ అడుగుతుంది. ఒక్కోసారి మాత్రం పోనిస్తుంది. ఇలా ‘ఒక్కోసారి’ అనిపించే సమస్యలే తల ప్రాణం తోకకు తెస్తాయి.

కారణం ఇది. బ్రౌజర్ కెర్బెరోస్ టికెట్ అడిగేటప్పుడు తను వెళ్తున్న పేరుకు, అంటే లోడ్ బ్యాలెన్సర్ పేరుకు అడుగుతుంది. ఆ పేరు ఏ అకౌంట్‌ది అన్నది డైరెక్టరీలో ఎస్‌పీఎన్ రూపంలో నమోదై ఉండాలి. వెబ్ సర్వీస్ నెట్‌వర్క్ సర్వీస్ కింద నడుస్తుంటే, ఒక్కో మెషీన్ తన కంప్యూటర్ అకౌంట్‌తో టికెట్‌ను విప్పడానికి చూస్తుంది. ఒకే పేరును రెండు కంప్యూటర్ అకౌంట్లకు కట్టలేం. ఎస్‌పీఎన్ లేకపోతే బ్రౌజర్ ఎన్‌టీఎల్‌ఎం అనే పాత లాగిన్ పద్ధతికి దిగజారుతుంది. ఎన్‌టీఎల్‌ఎం కనెక్షన్‌కు కట్టుబడి ఉండే పద్ధతి. మధ్యలో లోడ్ బ్యాలెన్సర్ పలువురి రిక్వెస్టులను ఒకే వెనక కనెక్షన్ మీద కలిపి పంపే రకమైతే ఆ సంభాషణ సగంలో తెగిపోతుంది. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చెడటం అందుకే.

పరిష్కారం మూడు ముక్కలు. రెండు టైర్లూ ఒకే డొమైన్ సర్వీస్ అకౌంట్ కింద నడవాలి. లోడ్ బ్యాలెన్సర్ పేరుకు హెచ్‌టీటీపీ ఎస్‌పీఎన్‌ను ఆ అకౌంట్‌కే నమోదు చేయాలి. ఐఐఎస్‌లో విండోస్ ఆథెంటికేషన్ కెర్నల్ మోడ్‌లో ఉంటే అది కంప్యూటర్ అకౌంట్‌నే వాడుతుంది కాబట్టి, యాప్ పూల్ అకౌంట్‌ను (అప్లికేషన్ నడిచే అకౌంట్‌ను) వాడమని సెట్టింగ్ మార్చాలి. ఎస్‌పీఎన్ నమోదుకు సెట్‌ఎస్‌పీఎన్ టూల్‌లో పెద్ద ఎస్ స్విచ్ వాడండి, అది అప్పటికే ఇంకెక్కడైనా అదే పేరు ఉందేమో చూసి మరీ చేర్చుతుంది. పాత పెద్ద ఏ స్విచ్ అలవాటు చాలామందికి పోలేదు, డూప్లికేట్లకు ఒకప్పుడు అదే మూలం. ఈ క్లయింట్ డైరెక్టరీలో ఎప్పుడో మూసేసిన సర్వర్ ఒకటి అదే పేరు పట్టుకుని కూర్చుంది. పెద్ద ఎక్స్ స్విచ్‌తో వెతికితే దొరికింది. ఇప్పుడు ఆ వెతుకులాట మా చెక్ స్క్రిప్టులో మొదటి పది లైన్లలోనే ఉంటుంది.

రెండోది హెల్త్ చెక్. నెట్‌వర్క్ వాళ్లు మామూలు పద్ధతిలో హోమ్ పేజీని అడిగి, 200 (అంతా సరే) వస్తే సర్వర్ బతికున్నట్టు అని పెట్టారు. విండోస్ ఆథెంటికేషన్ ఉన్న సైటు లాగిన్ లేకుండా వచ్చినవాళ్లకు 401 (లాగిన్ కావాలి) అంటుంది. దాంతో లోడ్ బ్యాలెన్సర్ రెండు సర్వర్లూ చచ్చిపోయాయని తీర్మానించి ఎవర్నీ లోపలికి పంపలేదు. 401ని కూడా మంచి జవాబుగా లెక్కించమని మార్పించాం. ఇందులో ఒక లొసుగు ఉంది: ఆ 401 ఇచ్చేది ఐఐఎస్, వెనక అసలు అప్లికేషన్ పడిపోయి ఉన్నా అది అలాగే ఇస్తూ ఉండొచ్చు. ఆ సంగతి నెట్‌వర్క్ టీముకు రాతపూర్వకంగా చెప్పాం. అప్లికేషన్ నిజంగా పనిచేస్తోందా అన్నది లాగిన్‌తో వెళ్లి చూసే వేరే మానిటర్‌కు వదిలేశాం.

మూడోది చిన్నదే, కానీ యూజర్ల కంట పడేది. సెటప్ అయ్యాక పంపిన మొదటి పుల్ రిక్వెస్ట్ మెయిల్‌లో లింకు నేరుగా ఒకటో సర్వర్ పేరుకు వెళ్లింది. నొక్కితే సర్టిఫికెట్ వార్నింగ్. సర్వర్ తన గురించి తాను ఏ అడ్రస్ అనుకుంటుందో అదే పబ్లిక్ యూఆర్‌ఎల్. దాన్ని లోడ్ బ్యాలెన్సర్ పేరుకు మార్చాలి. టీఎఫ్‌ఎస్‌కాన్ఫిగ్ సెట్టింగ్స్ కమాండ్‌తో నిమిషంలో అయిపోతుంది. స్క్రిప్టులో చేర్చాం కాబట్టి తర్వాతి రెండు సెట్లలో ఎవరూ దాని గురించి ఆలోచించాల్సిన పని లేకపోయింది.

ఒకటే సర్టిఫికెట్, నమ్మాల్సినవాళ్లు చాలామంది

సంస్థ సొంత సర్టిఫికెట్ అథారిటీ ఇచ్చిన సర్టిఫికెట్ వాడారు. గ్రూప్ పాలసీతో అన్ని విండోస్ మెషీన్లకూ రూట్ సర్టిఫికెట్ వెళ్తుంది కాబట్టి ఇబ్బంది ఉండదని సెక్యూరిటీ వాళ్ల నమ్మకం. బ్రౌజర్లకు ఉండదు, నిజమే. విండోస్‌లో గిట్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో పెట్టుకుంటే అది తన సొంత సర్టిఫికెట్ల కట్టనే చూస్తుంది, విండోస్ స్టోర్ దానికి పట్టదు. విండోస్ స్టోర్‌ను చూసే ఎస్‌చానల్ వాడమని దానికి చెప్పాలి. బిల్డ్ ఏజెంట్‌తో వచ్చే గిట్‌కు కూడా ఇదే కథ, ఏజెంట్‌ను కాన్ఫిగర్ చేసేటప్పుడు ఎస్‌చానల్ స్విచ్ ఇస్తే సరిపోతుంది. నోడ్‌కు అదనపు సర్టిఫికెట్ ఫైలు ఎక్కడుందో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పాలి. జావా బిల్డులకు కీస్టోర్ వేరు. లినక్స్ ఏజెంట్లకు ఆ డిస్ట్రో పద్ధతి వేరు.

ఇవన్నీ ఎవరికీ తెలియని రహస్యాలు కావు. ఒక్కొక్కటి ఒక్కో డెవలపర్‌కు తెలుసు. అన్నీ కలిపి ఒకే ఏజెంట్ స్క్రిప్టులో పెట్టడం వల్ల కొత్త ఏజెంట్ మెషీన్ పెట్టడం ఇప్పుడు ఒక్క కమాండ్. ఇక్కడ కలిసొచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఏజెంట్ తనే సర్వర్‌కు 443 మీద కనెక్ట్ అయి పని అడుగుతుంది, సర్వర్ ఏజెంట్ వైపు రాదు. కాబట్టి ఏజెంట్ మెషీన్‌లోకి ఏ పోర్టూ తెరవక్కర్లేదు. ఈ మాట చెప్పాక సెక్యూరిటీ టీము ఆమోదం చాలా తొందరగా వచ్చింది.

వదిలేసినవి

పాత గైడ్‌లో రిపోర్టింగ్ సర్వీసెస్, అనాలిసిస్ సర్వీసెస్ రెండూ ఉన్నాయి. వాటికి విడిగా అకౌంటు, పోర్టులు, ఎన్‌క్రిప్షన్ కీ బ్యాకప్. ఎవరు చూస్తున్నారా రిపోర్టులు అని ఆరా తీస్తే, ఒకప్పుడు ఒక మేనేజర్ చూసేవారట, ఆయన సంస్థ మారి చాలా కాలమైంది. ఇప్పుడు టీములన్నీ చూసేది డాష్‌బోర్డులే, వాటికి సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే అనలిటిక్స్ చాలు. రెండు సర్వీసులూ అమరిక నుంచి తీసేశాం. మేం రాసిన స్క్రిప్టులన్నీ కలిపినా తగ్గించలేనంత పని ఈ ఒక్క నిర్ణయం తగ్గించింది. మల్టీ సర్వర్ సెటప్‌కు కూర్చునేవాళ్లు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం: ఈ భాగం లేకపోతే ఎవరు అరుస్తారు?

సెర్చ్‌ను మాత్రం తీసేయలేం, డెవలపర్లు రోజంతా వాడతారు. అది ఎలాస్టిక్‌సెర్చ్ మీద నడుస్తుంది. విడి మెషీన్ మీద పెట్టడానికి సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ స్క్రిప్టును ఆ మెషీన్ మీదికి కాపీ చేసి నడపాలి. దీన్ని పూర్తి ఆటోమేటిక్ చేయాలని పట్టుబట్టలేదు. సెర్చ్ ఇండెక్స్ పోయినా కోడ్‌కు నష్టం లేదు, మళ్లీ ఇండెక్స్ చేసుకోవచ్చు. అందుకే దాన్ని వరుసలో చివరన పెట్టి, చేత్తో చేసే ఒక పేజీ సూచనలు రాసి ఊరుకున్నాం.

బ్యాకప్ విషయంలో మాత్రం పట్టుబట్టాం. కాన్ఫిగరేషన్ డేటాబేస్, కలెక్షన్ డేటాబేస్‌లు అన్నీ ఒకే క్షణానికి రీస్టోర్ కావాలి, లేకపోతే ఒకదాని మాట ఒకదానికి పొసగదు. అడ్మిన్ కన్సోల్‌లోని షెడ్యూల్డ్ బ్యాకప్స్ అన్ని డేటాబేస్‌ల లాగుల్లోనూ ఒకే గుర్తు వేసి ఈ పని చేస్తుంది. డీబీఏలకు తమ సొంత బ్యాకప్ టూల్ ఉంది, దానితోనూ తీస్తామన్నారు. రెండూ లాగ్ బ్యాకప్‌లు తీస్తే లాగ్ చైన్ (వరుసగా రీస్టోర్ చేయాల్సిన లాగుల గొలుసు) సగం ఇక్కడ సగం అక్కడ పడుతుంది, అసలుకే ఎసరు. ఎవరో ఒకరే తీయాలి. చివరికి షెడ్యూల్డ్ బ్యాకప్స్ ఫైళ్లను ఒక షేర్‌లో పెట్టేటట్టు, డీబీఏల టూల్ ఆ ఫైళ్లను కాపీ చేసుకునేటట్టు ఒప్పందం కుదిరింది.

వాళ్లే చేసుకున్న సెట్టు

టెస్ట్ మేం చేశాం, వాళ్లు చూశారు. ప్రొడక్షన్ వాళ్లు చేశారు, మేం పక్కన కూర్చున్నాం. ప్రొడక్షన్ అంటే పాత మెషీన్ డేటాబేస్‌లను కొత్త ఎస్‌క్యూఎల్ మీదికి రీస్టోర్ చేసి, రెండు టైర్లనూ ‘అప్లికేషన్ టైర్ మాత్రమే’ రకంలో కాన్ఫిగర్ చేయడం. సర్వర్లు వారాంతానికి చాలా ముందే ఫైళ్లతో సిద్ధంగా ఉన్నాయి, వెరిఫై పచ్చగా ఉంది. పాత సర్వర్‌ను క్వయెస్ చేసి (సర్వీసులు ఆపి), ఆఖరి బ్యాకప్ తీసిన తర్వాత సమయం పట్టిందల్లా డేటాబేస్ రీస్టోర్‌కే.

డీఆర్‌లో ఈ పద్ధతి ఇంకా బాగా కుదిరింది. అక్కడి అప్లికేషన్ టైర్లలో ఫైళ్లు ఇన్‌స్టాల్ అయి ఉంటాయి, కాన్ఫిగర్ కావు. అవసరం పడిన రోజున డేటాబేస్‌లు రీస్టోర్ చేసి, సిద్ధంగా ఉన్న ఇనీ ఫైలుతో కాన్ఫిగర్ చేస్తే చాలు. అడ్మిన్లు దీన్ని మేం లేకుండానే డ్రిల్ చేశారు. వాళ్ల దగ్గర్నుంచి ఒక్క ఫోన్ వచ్చింది. కాన్ఫిగర్ మొదలవ్వగానే ఆగిపోయిందన్నారు. లాగ్ పంపమంటే, పంపేలోపే వాళ్లకే దొరికింది: ప్రొడక్షన్‌కు వేసిన ప్యాచ్ డీఆర్‌కు వేయలేదు. ప్రొడక్షన్, డీఆర్ బిల్డులను పోల్చే లైను చెక్ స్క్రిప్టులో ఉంది, ఆ స్క్రిప్టు నడపకుండా నేరుగా కాన్ఫిగర్‌కు వెళ్లారు. ఆ తర్వాత వాళ్లే ఒక మార్పు చేశారు, చెక్ పాసైతే తప్ప కాన్ఫిగర్ స్క్రిప్టు కదలదు.

టెస్ట్‌లోకి ప్రొడక్షన్ డేటా తెచ్చుకునే వాళ్లకు ఒక హెచ్చరిక. రీస్టోర్ చేసిన కాపీకి తాను కాపీనన్న సంగతి తెలియదు. అసలు సర్వర్ ఐడీతోనే లేచి, యూజర్లకు మెయిళ్లు పంపడం మొదలుపెడుతుంది. కాన్ఫిగర్ చేసే ముందు టీఎఫ్‌ఎస్‌కాన్ఫిగ్‌లోని ప్రిపేర్‌క్లోన్, చేంజ్‌సర్వర్‌ఐడీ, రీమ్యాప్‌డీబీస్ కమాండ్లు నడపాలి. మా టెస్ట్ స్క్రిప్టులో ఈ మూడూ వెనక్కి తీయలేనివిధంగా చేర్చి ఉన్నాయి, ఎవరూ దాటవేయలేరు.

వేరే టూల్ వాడేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. గిట్‌ల్యాబ్‌ను పలు నోడ్‌ల మీద పెట్టేటప్పుడు కూడా ప్యాకేజీ ఇన్‌స్టాల్ ఒక దశ, కాన్ఫిగరేషన్ ఫైలు రాసి రీకాన్ఫిగర్ నడపడం ఇంకో దశ. అక్కడ ఎస్‌పీఎన్ బదులు సీక్రెట్స్ ఫైలు ఉంటుంది. అప్లికేషన్ నోడ్‌లన్నిటి మీదా అది ఒకేలా ఉండాలి, లేకపోతే ఒక నోడ్ ఎన్‌క్రిప్ట్ చేసింది ఇంకో నోడ్ చదవలేదు. ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా అంతే.

ఈ క్లయింట్ దగ్గర ఇంకా తేలని విషయం సర్టిఫికెట్ రెన్యువల్. లోడ్ బ్యాలెన్సర్ మీద కొత్తది వేసేది నెట్‌వర్క్ టీము, ఐఐఎస్‌లో వేసేది అడ్మిన్లు, ఇచ్చేది సెక్యూరిటీ. గడువు దగ్గర పడితే చెక్ స్క్రిప్టు ముగ్గురికీ మెయిల్ పంపుతుంది. సెట్టింగ్స్ ఫైల్లో ఆ లైను పక్కన ‘ఎవరు’ అన్న గడిలో మాత్రం ఇప్పటికీ మూడు టీముల పేర్లున్నాయి. ఒక్క పేరే ఉండాలని మేం రాసిచ్చాం, వాళ్ల తర్వాతి రివ్యూలో దాని మీద నిర్ణయం తీసుకుంటామన్నారు.